బృందగానంలో పాటకి ముందు చెప్పే కథలు: మీకు గట్టిగా తెలిసినవే చెప్పండి

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా వీధిలో రామకోవెల మేడ మీద ఒక బృందగానం నడుస్తోంది. పేరున్న సంస్థేం కాదు, రిజిస్ట్రేషను కూడా లేదు. బ్యాంకులో రిటైరైన ఇద్దరు అన్నదమ్ములు, ఒక టైలరు, నర్సింగు చదువుతున్న ఆయన కూతురు, అంగన్‌వాడీ టీచర్లు, మొన్నీమధ్య చేరిన ఒక ఆటో కుర్రాడు, నాలాంటి పెన్షనర్లు. హార్మనీ మాస్టారు ఆదివారం పొద్దున్న చర్చిలో వాయిస్తారు, శనివారం సాయంత్రం వెంకన్న భజనలో వాయిస్తారు, మధ్యలో ఖాళీ దొరికితే మాకు.

నేను పాడను. నేను ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఆపేస్తారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ట్రంకు కాల్ రోజుల్లో సాలూరు లైనూ, పార్వతీపురం లైనూ కలిపిన గొంతు కదా అని మైకు నా చేతికిచ్చారు. పాటకీ పాటకీ మధ్య రెండు ముక్కలు చెప్పడం నా డ్యూటీ.

ఇన్నాళ్ళూ "ఇప్పుడు మన బృందం ఫలానా పాట వినిపిస్తుంది" అనేసి పక్కకి తప్పుకునేదాన్ని. సెప్టెంబరు 21న గురజాడ జయంతికి ఏటా పాడతాం. పోయినసారి సభకొచ్చిన అతిథి ఒకాయన మైకు తీసుకుని, ఫోను చూసి, దేశభక్తి గేయాన్ని గురజాడ జైల్లో కూచుని రాశారని చదివీసారు. ముందు వరసలో ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ లేచి, "బాబూ, అప్పారావు గారు జైలుకెప్పుడెళ్ళారు? రాజావారి కొలువులో ఉద్యోగం కదా ఆయనది" అన్నారు. సభంతా నవ్వు. ఆ నవ్వు మీద పాట ఎత్తుకున్నాం. ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పెద్దాయన చెప్పిందే నిజం. కన్యాశుల్కం 1892లో మన ఊళ్ళోనే ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చినప్పుడు ఆనందగజపతి మహారాజుకే అంకితమిచ్చారు. "దేశమును ప్రేమించుమన్నా" 1910 నాటిది. జైలు ఊసే లేదు. మరి జైలు కథ ఎక్కడినుంచి వచ్చిందంటే, పాట రాసి జైలుకెళ్ళిన గరిమెళ్ళ వారి కథ తెచ్చి గురజాడకి తగిలించీసారని నా అనుమానం.

ఈసారి శ్రీకాకుళం నించి కూడా పిలుపొచ్చింది. పాటకి రెండు నిమిషాలు కథ చెప్పమని మావాళ్ళ పట్టు. గురజాడది, గరిమెళ్ళ "మాకొద్దీ తెల్లదొరతనము", "మా తెలుగు తల్లికి మల్లెపూదండ", బాలాంత్రపు వారి "మాదీ స్వతంత్ర దేశం", ఆఖర్న అందరికీ తెలిసిన "హమ్ హోంగే కామ్‌యాబ్". డిసెంబరులో క్రిస్మస్‌కి ఒక చర్చివాళ్ళు పిలుస్తారు, అక్కడ పాడేవాటికి కూడా ఏమైనా ఉంటే చెప్పండి.

వాట్సాప్‌లో తిరిగేవి వద్దు, అవి నా దగ్గర బస్తాడున్నాయి.

ఇంకో సంగతి. గురజాడ పాటలో ఒక చోట మావాళ్ళు ప్రతిసారీ చెదిరిపోతారు. "గట్టి మేల్ తలపెట్టవోయ్" అయ్యాక సగం మంది ఆగిపోతారు, సగం మంది పై చరణంలోకి దూకుతారు. మాస్టారు మార్చింగు దెబ్బ గట్టిగా వేస్తే అదే సర్దుకుంటుందంటారు. సర్దుకోవట్లేదు. సంగీతం తెలిసినవాళ్ళెవరైనా దీని సంగతి కూడా చూడండి.

నాగావళి వంతెన (శ్రీకాకుళం):

అమ్మా, గరిమెళ్ళ గురించి మా జిల్లావాళ్ళనే అడగాలి, మంచి పని చేశారు. నరసన్నపేట దగ్గర గోనెపాడులో 1893లో పుట్టారు. చిన్నప్పటి చదువు ప్రియాగ్రహారంలో. పేద ఇల్లు. బి.ఏ. చదివి గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేశారు, తర్వాత మీ విజయనగరంలోనే హైస్కూలు మాస్టారుగా చేశారు. ఈ ముక్క మీ ఊరి సభలో తప్పకుండా చెప్పండి, జనం చెవులు నిక్కబొడుచుకుంటారు. ఆపైన రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపొచ్చింది, చదువు వదిలేసి ఉద్యమంలోకి వెళ్ళిపోయారు.

పాట రాసినందుకు 1922లో ఏడాది జైలు. బయటికొచ్చి ఏం చేశారు? మళ్ళీ ఊరూరా తిరిగి అదే పాట పాడారు. ఈసారి రెండున్నరేళ్ళు వేశారు. ఒక పాట రాసిన మనిషిని రెండుసార్లు లోపలెయ్యడమంటే, ఆ పాట జనం నోట ఎంతలా నానిందో చూసుకోండి. అప్పట్లో రేడియో లేదు, మైకు లేదు. ఒకడు చరణం చెప్పడం, గుంపు పల్లవి అందుకోవడం. అంటే పుట్టుకతోనే అది బృందగానం. మీ బృందంలో మొదటినించి చివరిదాకా అందరూ కలిసి పాడేస్తున్నారా? అలా వద్దు. చరణం ఒక్క గొంతుకివ్వండి, "మాకొద్దీ" దగ్గర మాత్రం అందరూ పడాలి. వీలైతే సభలో కూచున్నవాళ్ళ చేత కూడా అనిపించండి.

ఇంకొకటి జాగ్రత్తగా చెప్పాలి. ఆ పాటలో ఉప్పు ముట్టుకుంటే దోషమండి అని వస్తుంది కదా, దాన్ని పట్టుకుని చాలామంది వక్తలు ఇది ఉప్పు సత్యాగ్రహం పాటంటారు. దండి యాత్ర 1930లో. పాట అంతకి ఎనిమిది తొమ్మిదేళ్ళ ముందుది. ఉప్పు మీద పన్నూ, ఉప్పు వండుకుంటే శిక్షా అప్పటికే ఉన్నాయి. మా తీరం సంగతి మీకు తెలిసిందే, నౌపడా వైపు వెళ్తే రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా ఉప్పు మళ్ళే. కళ్ళెదురుగా సముద్రం తెల్లగా ఆరుతోంది, గుప్పెడు ఎత్తుకుంటే నేరం. దండి కోసం ఎదురుచూడకుండానే ఈ తీరం మనిషికి ఆ మంట తెలుసు. మీరు శ్రీకాకుళంలో పాడితే ఈ మాట చెప్పండి, నేను ముందు వరసలో ఉంటాను. లేచి ఏమీ అనను లెండి.

చివరి రోజులు మాత్రం చెప్పాలా వద్దా మీ ఇష్టం. మద్రాసులో పత్రికల్లో పనిచేశారు. పక్షవాతం, పేదరికం. స్వరాజ్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952 డిసెంబరులో పోయారు. నేనైతే పాట ముందు చెప్పను, అయ్యాక చెప్తాను. ముందే చెప్తే కోపంగా పాడాల్సిన పాట జాలిగా పాడతారు.

తకిట (విజయనగరం):

అత్తయ్య గారూ, నేను ఇక్కడి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుంటున్నాను. మీ రెండో ప్రశ్న నాది. తప్పు పాడేవాళ్ళది కాదండీ, దెబ్బది.

గురజాడ ఆ పాట రాసింది తన ముత్యాలసరం అనే ఛందస్సు నడకలో. పాదానికి 14 మాత్రలు, 3, 4, 3, 4గా. (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు.) విడగొట్టి పలికి చూడండి: దేశ, మును ప్రే, మించు, మన్నా. మా లెక్కలో తకిట తకధిమి, తకిట తకధిమి. మిశ్రచాపు తాళం అంటారే, అదే. మీ మాస్టారు మార్చింగు దెబ్బ వేస్తున్నారంటే అన్నీ నాలుగులే. అప్పుడు మూడు మాత్రల ముక్కని కూడా లాగి నాలుగు చెయ్యాలి. మీవాళ్ళు "దే...శ", "వ...ట్టి" అని సాగదీస్తున్నారా లేదా? చూడకుండానే చెప్తున్నాను, సాగదీస్తున్నారు. గణతంత్ర దినం నాడు సగం బళ్ళలో ఇదే వరస.

ఇప్పుడు మీరు చెదిరిపోయే చోటు. మొదటి మూడు పాదాలూ 14 నిండుతాయి. నాలుగోది చూడండి. "గట్టి" 3, "మేల్ తల" 4, "పెట్ట" 3, "వోయ్" 2. మొత్తం 12. రెండు మాత్రలు ఖాళీ. కవిగారు కావాలని వదిలిన ఖాళీ అది, ఊపిరి తీసుకోమని. మార్చింగులో ఆ ఖాళీకి చోటు లేదు. అందుకే మీ వాళ్ళలో నిదానస్తులు దాన్ని నాలుగు చేస్తున్నారు, తొందరగాళ్ళు సున్నా చేస్తున్నారు. "దేశమంటే మనుషులోయ్" దగ్గర కూడా అంతే: 3, 4, 3, 2, ఆపైన రెండు ఖాళీ. తెలుగువాళ్ళందరికీ నోటికొచ్చిన ఆ ముక్క తర్వాత సరిగ్గా రెండు మాత్రలు నిశ్శబ్దం పెట్టి చూడండి, సభలో వినేవాళ్ళ మొహాలు మారతాయి.

దీనికి మందు సులువు. పాట లేకుండా అందర్నీ నిలబెట్టి చప్పట్లు కొట్టించండి. తకిటకి ఒక దెబ్బ, తకధిమికి ఒక దెబ్బ. రెండు దెబ్బల మధ్య దూరం సమానంగా ఉండదు, మొదటిది పొట్టి, రెండోది పొడుగు. ఆ కుంటి నడక ఒంటికి పట్టేదాకా పాట ఎత్తొద్దు. ఆటో అన్నయ్యకి ముందు వస్తుంది చూడండి, బ్యాంకు వాళ్ళకి ఆలస్యంగా వస్తుంది. (నా అనుభవం, కోపం వద్దు.) ఛందస్సు చదివినవాళ్ళు ఇది వృషభగతి రగడ అనే పాత ఛందస్సు నడకే అంటారు. అంటే కొత్తగా పుట్టించిందేమీ కాదు, జనం కాళ్ళలో ఉన్నదే.

మా కాలేజీ గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే ఇది కూడా వాట్సాప్‌లో ఎవడో ఒకడు వండుతాడు. విజయరామ గానపాఠశాల పెట్టింది 1919లో. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పేవారు. ఘంటసాల గారు చదువుకున్నదీ ఇక్కడే. గురజాడ 1915లోనే పోయారు. కాబట్టి మా కాలేజీలో కూచుని ఈ పాటకి బాణీ కట్టారని ఎవరైనా పంపితే వెంటనే డిలీట్ కొట్టండి.

అయ్యకోనేరు గట్టు:

తకిట బాబూ, నువ్వెవరివో గానీ పది కాలాలు చల్లగా ఉండు. నిన్న సాయంత్రమే చప్పట్లు కొట్టించాను. బ్యాంకు తమ్ముడుగారు "ఇదేంటమ్మా, కుంటుతోంది" అన్నారు. కుంటాలండీ, అప్పారావు గారే కుంటమన్నారు అన్నాను. టైలరు గారు మాత్రం మొదటి వరసకే పట్టేశారు, మిషను తొక్కిన కాలు కదా. హార్మనీ మాస్టారు మొహం ముడుచుకున్నారు. "ఇన్నేళ్ళూ నేను వాయించింది తప్పా?" అని ఒక ప్రశ్న. చప్పట్లయితే కొట్టారు గానీ హార్మనీ పెట్టె మూత తియ్యలేదు. ఆయన్ని మెత్తబరిచే ఉపాయం కూడా ఎవరైనా చెప్పండి.

నాగావళి బాబుగారూ, చరణం ఒక్క గొంతుకివ్వమన్నారు కదా. ఆ గొంతు ఎవరిదన్నదాని మీద ఇక్కడ చిన్న కురుక్షేత్రం నడుస్తోంది. మీ పుణ్యమే.

పాత మర్ఫీ (బొబ్బిలి):

చెల్లెమ్మా, మీ జాబితా చూస్తే ముచ్చటేసింది. "మా తెలుగు తల్లికి", "మాదీ స్వతంత్ర దేశం" రెంటినీ పక్కపక్కన పెట్టండి. రెండూ జనానికి చేరింది ఒకే గొంతులోంచి. టంగుటూరి సూర్యకుమారి. ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు.

మొదటి పాట శంకరంబాడి సుందరాచారి గారిది. తిరుపతి మనిషి. 1942లో దీనబంధు అనే సినిమా కోసం రాశారు. సినిమావాళ్ళు పెట్టుకోలేదు. సూర్యకుమారి పాడి గ్రామఫోను రికార్డు ఇచ్చాక ఇంటింటికీ పాకింది. ఆ తర్వాత అదే రాష్ట్ర గీతమైంది. సినిమాకి పనికిరాదన్న పాటకి ఇవాళ ముఖ్యమంత్రి దగ్గర్నించి అందరూ లేచి నిలబడుతున్నారు. దీనిమీద మీరేమీ వ్యాఖ్యానించక్కర్లేదు, చెప్పి ఊరుకోండి, జనమే నవ్వుకుంటారు.

నాకొక చిన్న గునుపుంది. ఆ పాటలో గోదారి ఉంది, కృష్ణమ్మ ఉంది. మన నాగావళి లేదు, వంశధార లేదు, కనీసం సువర్ణముఖి కూడా లేదు. చిత్తూరు జిల్లా ఆయనకి మనం అంత దూరం మరి. శ్రీకాకుళంలో పాడేటప్పుడు ఈ మాట సరదాగా అనండి, గొడవేం అవదు.

రెండో పాట బాలాంత్రపు రజనీకాంతరావు గారిది, రాసిందీ బాణీ కట్టిందీ ఆయనే. స్వతంత్రం వచ్చినప్పుడు, 1947 ఆగస్టులో, మద్రాసు రేడియోలో సూర్యకుమారి పాడింది. అప్పటికి రజని గారికి 27 ఏళ్ళు. 2018లో, 98 ఏళ్ళ వయసులో పోయారు. మా నాన్నకి ఆ పాట ప్రాణం. మా ఇంట్లో రేడియో వచ్చింది చాలా తర్వాత గనక ఆ రోజు విన్నారని కోతలు కొయ్యను.

కథ అలా ఉంచండి, పాడేవాళ్ళకి ఒక మాట. రికార్డు శ్రుతి పట్టుకోకండి. అది ఒంటరి ఆడగొంతు శ్రుతి. ఆ ఎత్తులో పాడితే మీ బ్యాంకు అన్నదమ్ములు పైస్థాయిలో తేలిపోతారు. రెండు మెట్లు కిందికి దింపండి.

ఆఖర్న జనగణమన పాడతారు కదా. దానిక్కూడా కావాలంటే మన రాష్ట్రం కథే ఉంది. రవీంద్రుడు 1919లో మదనపల్లె కాలేజీలో కొన్నాళ్ళున్నప్పుడు మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ ఆ పాటకి స్వరాలు రాసిపెట్టింది. దానికి అర నిమిషం చాలు.

జూట్ మిల్లు గేటు (నెల్లిమర్ల):

ఆంటీ, "హమ్ హోంగే కామ్‌యాబ్"ని స్కూలు పాట అనుకుంటారు గానీ అది కార్మికుల పాట. మా నాన్న జూట్ మిల్లులో చేశారు. యూనియన్ మీటింగుల్లో ఆయన దీన్ని హిందీలో సగం, నోటికొచ్చినట్టు సగం పాడేవారు. అందుకని దీని పుట్టుక వెతికి పెట్టుకున్నాను.

హిందీలో రాసింది గిరిజాకుమార్ మాథుర్. మూలం అమెరికాలో నల్లజాతివాళ్ళది. 1945లో దక్షిణ కరొలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో చుట్టల ఫ్యాక్టరీ సమ్మె జరిగింది. కూలి పెంచమని, నల్లవాళ్ళని తక్కువగా చూడొద్దని. నెలల తరబడి నడిచింది, చలికాలం, వాన. సమ్మెలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. లూసిల్ సిమన్స్ అనే ఆవిడ రోజూ గేటు దగ్గర నిలబడ్డం అయిపోయి అందరూ ఇళ్ళకెళ్ళేముందు ఒక పాత చర్చి పాటని ఎత్తుకునేది. "నేను" అని ఉన్న చోట అందరూ "మేము" అని పాడారు. టెన్నెసీలో హైలాండర్ అనే కార్మికుల బడి ఉండేది. అక్కడి జిల్ఫియా హోర్టన్ ఆ సమ్మెవాళ్ళ దగ్గర పాట నేర్చుకుంది, ఆవిడ దగ్గర పీట్ సీగర్ అనే జానపద గాయకుడు నేర్చుకున్నాడు. 1960లో గై కారవాన్ అనే గాయకుడు దాన్ని నల్లజాతివాళ్ళ హక్కుల ఉద్యమంలో ఉన్న కాలేజీ పిల్లలకి నేర్పాడు. అక్కడినుంచి ప్రపంచమంతా.

మీకు పనికొచ్చే సంగతేంటంటే, సిమన్స్ ఆ పాటని చాలా నెమ్మదిగా పాడేదట. పొద్దుణ్ణుంచీ వానలో నిలబడ్డ మనుషులు సాయంత్రం పాడే పాట కదా. మన దగ్గర మాత్రం డ్రిల్లు పీరియడ్‌లా పరిగెత్తిస్తారు. మీరు ఒక్కసారి సగం వేగంలో, తబలా లేకుండా, చేతులు పట్టుకుని పాడి చూడండి.

ఆల్టో ఆంటీ (శ్రీకాకుళం):

వదిన గారూ, క్రిస్మస్ కోసం అడిగారు కదా. ఇంగ్లీషు కేరల్సు అందరూ పాడేవే. మీరు "త్రాహిమాం క్రీస్తు నాథ" పాడండి. పురుషోత్తమ చౌదరి గారిది. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టారు, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. క్రైస్తవంలోకి వచ్చాక కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే పాట మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, చూడండి. గురజాడ పుట్టేనాటికే ఆయన పెద్ద వయసువాడు. ఈ గట్టున కూచుని తెలుగులో రాగతాళాలతో క్రీస్తు మీద పాడుకున్న మనిషి. మీ హార్మనీ మాస్టారికి ఈ పాట ఖాయంగా వచ్చే ఉంటుంది. ఆయన అలిగారన్నారు కదా, ఈ పాట చెప్పమని ఆయన్నే అడగండి. అలక దానంతటదే పోతుంది.

గుమ్మడి డప్పు (పార్వతీపురం):

అన్నీ బాగున్నాయి గానీ అమ్మా, వంగపండు ఏడీ? ఉత్తరాంధ్ర బృందగానమంటారు, వంగపండు పాట లేదు. ఇదేటి న్యాయం?

మా పక్కనే పెదబొండపల్లి ఆయనది. 1943లో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. పగలు ఇనప పని, రాత్రి పాట. జననాట్యమండలి కట్టినవాళ్ళలో గద్దరూ ఆయనా ఉన్నారు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" పాట శ్రీకాకుళం గిరిజన పోరాటం మీదిది. తర్వాత సినిమాకెక్కింది. సినిమా చూసి నేర్చుకున్నోళ్ళు అది లవ్వు పాటనుకుంటారు, చెప్తే నమ్మరు. 2020 ఆగస్టు 4న పోయారు, కరోనా రోజులు. మామూలు రోజులైతే ఆయన వెనకాల ఎంత జనం నడవాలి!

ఆ పాటకి హార్మనీ వద్దు. డప్పు, గజ్జె, గొంతు చాలు. ఒకరు అడుగుతారు, గుంపు జవాబిస్తుంది. మీ ఆటో తమ్ముడికి ఇచ్చీయండి.

అయ్యకోనేరు గట్టు:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఇంత సరుకు వస్తుందనుకోలేదు. జరిగింది చెప్తాను.

ఆల్టో వదినగారి ఉపాయం పారింది. మాస్టారి దగ్గరకెళ్ళి "త్రాహిమాం వచ్చా మాస్టారూ" అన్నాను. పుస్తకం కూడా తియ్యలేదు, మొత్తం పాడి వినిపించారు. వాళ్ళ అమ్మగారు నేర్పారట. అది అయ్యాక, ఆ సందడిలోనే, గురజాడ పాట చాపులో ఒక్కసారి వాయించండి అన్నాను. వాయించారు. నాలుగో పాదం తర్వాత రెండు మాత్రలు బెల్లోస్ నొక్కకుండా చెయ్యి గాల్లో ఆపారు. మావాళ్ళందరూ ఆ చెయ్యి చూసి ఆగి, చెయ్యి దిగ్గానే ఎత్తుకున్నారు. ఒక్కళ్ళు కూడా దూకలేదు. ఆయన మాత్రం "నేనెప్పుడూ ఇలాగే వాయిస్తాను కదమ్మా" అన్నారు. అవును మాస్టారూ అన్నాను. తగువెందుకు.

గరిమెళ్ళ పాటకి చరణం నర్సింగు పిల్లకిచ్చాం. బ్యాంకు అన్నగారికి కొంచెం కష్టమేసింది గానీ, జనగణమనకి శ్రుతి ఇచ్చే పని ఆయనకి అప్పచెప్పాం. నేను మైకులో చెప్పేది ఇలా రాసుకున్నాను, ఎక్కువైతే చెప్పండి:

"ఈ పాట రాసినాయన మన నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. మా విజయనగరంలో కొన్నాళ్ళు బడిపంతులుగా చేశారు. పాట రాసినందుకు ఏడాది జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్ళీ పాడారు. రెండున్నరేళ్ళు పెట్టారు. ఇందులో ఉప్పు మాట వస్తుంది. అప్పటికి దండి యాత్ర జరగలేదు. నౌపడా వైపు వెళ్ళినవాళ్ళకి ఆ ఉప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. పల్లవి మీరూ అందుకోండి."

అంతే. చివరి రోజుల సంగతి నాగావళి బాబుగారు చెప్పినట్టు పాట అయ్యాకే.

నెల్లిమర్ల బాబూ, నెమ్మదిగా పాడించాను. మొదట నవ్వులాటలా ఉంది. తబలా తీసేసరికి ఎవరి గొంతు వాళ్ళకి వినిపించి కొంత భయపడ్డారు. రెండోసారికి కుదిరింది. అంగన్‌వాడీ టీచర్లు మాత్రం వెంటనే పట్టుకున్నారు, వాళ్ళకి సమ్మె టెంట్లో కూచున్న అలవాటుంది.

వంగపండు పాట విషయంలో కమిటీలో ఇంకా మాట తెగలేదు. గుడి మేడ మీద ఆ పాటేంటని ఒకరిద్దరు గునుస్తున్నారు. గుడి మేడ మీద పాడొద్దంటే కిందికి దిగి రోడ్డు మీద పాడతామని ఆటో కుర్రాడు అప్పుడే చెప్పేశాడు. నా ఓటు వాడికే. పార్వతీపురం బాబూ, మాకు డప్పు వాయించేవాళ్ళు లేరు. మీ వైపు నించి ఒకరు వస్తే రానుపోను చార్జీలు, మధ్యాహ్నం భోజనం మావి.

గుమ్మడి డప్పు:

ఒకరేటమ్మా, ఇద్దరం వస్తాం. తేదీ చెప్పండి. చార్జీలు వద్దు, భోజనంలో ఎండుచేపల పులుసు ఉంటే చాలు.

అయ్యకోనేరు గట్టు:

గుడి మేడ మీద ఎండుచేపలా! మా ఇంట్లో పెడతాను, రండి.